నడిమిబండ మీద మూడో చాప

కరాళ నది గరుడశిల కొండను నిలువునా చీల్చుకుని, నురగలు కక్కుతూ, చెవులు దిమ్మెక్కేలా రొద చేస్తూ దూకే చోట, నీళ్ళ నడుమ కోటబురుజంత నల్లరాయి ఒకటి లేచి ఉంటుంది. దాన్ని నడిమిబండ అంటారు. ఒక్కో ఒడ్డు నుంచీ దాని మీదకు ఒక్కో తాళ్ళ వంతెన ఉంది. ఉత్తరపు ఒడ్డున మబ్బులు తాకే గరుడశిల దుర్గం. దాని రాజు రణకేతుడు. దక్షిణపు ఒడ్డున కనుచూపు మేర వరిమళ్ళు పరుచుకున్న నీలధార రాజ్యం. దాని రాణి ఇందుసేన. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలు. తండ్రి పోయిన పదోనాటికే నేలను రెండు చేసుకున్నారు, ఏనుగుల్ని పంచుకున్నారు, వంటశాలలో గంగాళాల్ని కూడా విడిచిపెట్టలేదు. ఈ బండ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నాదంటే నాదని కొట్టుకుని, చివరికి ఎవరిదీ కాకుండా వదిలేశారు.

ఆ మధ్యాహ్నం రెండు రాజ్యాల ప్రాణం ఆ బండ మీదే ఉంది.

దక్షిణపు ఒడ్డున పన్నెండు వందల మంది విలుకాళ్ళు బారులు తీరి ఉన్నారు. వాళ్ళ వెనక విసురుయంత్రాల్లో నిప్పుకుండలు పొగలు కక్కుతున్నాయి. ఉత్తరపు ఒడ్డున కోటగోడల మీద సలసల కాగే నూనె కొప్పెరలు. ఇదంతా ఒక ఆడపిల్ల కోసం. ఇందుసేన కూతురు మందారిక నెల కిందట మేనమామ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళింది. మేనమామ పంపలేదు. మేనరికం హక్కు నాది, నా కొడుక్కే చేసుకుంటానన్నాడు. తల్లి దండు కదిలించింది. పొద్దు గుంకేలోగా కూతురు కళ్ళబడకపోతే కోట తగలబెడతానని కబురు చేసింది. ఆ గడువుకీ నిప్పుకుండలకీ నడుమ మిగిలింది ఒకే ఒక్క మనిషి. మైలమ.

మైలమ తగవరి. తగవులు తీర్చడమే ఆమె వృత్తి. కుమ్మరికీ అతని ఆవం దగ్గర పనివాళ్ళకీ, తోడికోడళ్ళకీ, ఒకే గోడ పంచుకున్న పొరుగువాళ్ళకీ నడుమ కూర్చుని కూర్చుని ఆమె జుట్టు నెరిసింది. కోరచీర, చంకలో చుట్టచుట్టిన మూడు చాపలు, నడుముకు జనపనార తాడు. అంతే ఆమె సామగ్రి. కిరీటాల నడుమ కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

బండ మీద వేసిన పందిట్లో ఎదురెదురుగా రెండు చాపలు పరిచి, తాను వట్టి రాతి మీద కూర్చుంది. మూడో చాప ఆమెదే. ఎక్కడ పొద్దుపోతే అక్కడ పరుచుకుని పడుకునేది. దాన్ని చుట్టగానే పక్కన పెట్టుకుంది.

“ఊఁ, తీర్పు చెప్పు!” అన్నాడు రణకేతుడు, మీసం దువ్వుకుంటూ.

“తీర్పు నా దగ్గర ఉండదు ప్రభూ. తప్పెవరిదో నేను చెప్పను, చెప్పమన్నా చెప్పను. మీ మాట ఆమెకి, ఆమె మాట మీకు చేరిందాకా ఇక్కడే కూర్చుంటా. అదే నా పని.”

“దానికి నువ్వెందుకు? మా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.”

“బాగా పనిచేస్తుంటే ఆ ఒడ్డున నిప్పుకుండలు ఎందుకు రాజుకుంటాయి ప్రభూ?”

రాజు మొహం కందగడ్డ అయింది. రాణి పెదవుల మీదకు రాబోయిన నవ్వును మింగేసింది. మైలమ ఇద్దరినీ పట్టించుకోకుండా తన పద్ధతి చెప్పుకుపోయింది. ఒకరు మాట్లాడాక, రెండోవారు ముందు ఆ మాటను తమ నోటితో తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని మొదటివారు ఒప్పుకున్నాకే జవాబు. నలుగురిలో చెప్పలేనిది ఉంటే తెర వెనక చెప్పుకోవచ్చు. తెర వెనక తగవరి మాట్లాడేవారికి వీపు పెట్టి కూర్చుంటుంది, ఎందుకంటే మొహం చూస్తే మనసు ఒక పక్కకు ఒరుగుతుందని ఆ వృత్తివాళ్ళ నమ్మకం. చెప్పిన ప్రతి రహస్యానికీ తాడుకు ఒక ముడి. ఆ ముడి మీద చెప్పినవారు బొటనవేలు ఒత్తాలి. మళ్ళీ ఆ వేలే విప్పాలి. కత్తి పెట్టి కోసినా తెగదు.

“ముడి ఉండగా నువ్వు నోరు జారితే?” అడిగింది రాణి.

“గొంతు పడిపోతుంది మహారాణీ. నాకీ విద్య నేర్పిన మా మేనత్త ఒక పసిబిడ్డను కాపాడబోయి ఒక్కసారి నోరు జారింది. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. నీళ్ళు కావాలన్నా సైగే.”

ముందుగా ఇందుసేన తెర వెనక్కి వచ్చింది. మైలమ వీపుకు ఆమె ఊపిరి వేడి తగులుతోంది.

“పిల్ల చేత్తో రాసిన రెండు ముక్కలు కళ్ళబడితే చాలు, దండును వెనక్కి తిప్పేస్తాను,” అంది చివరికి. “యుద్ధమంటే నాకు భయం. వాడికి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు. తెలిస్తే నెత్తికెక్కుతాడు.”

మైలమ ముడి వేసింది. రాణి బొటనవేలు ఒత్తి వెళ్ళిపోయింది.

కాసేపటికి కోటవైపు తెర కదిలింది. పట్టుబట్టల గరగర, కస్తూరి వాసన, ఆ వెనక రణకేతుడి బొంగురు గొంతు.

“ముందు ముడి వెయ్యి, తర్వాత చెప్తాను.”

వేసింది. దాని మీద ఒత్తిన బొటనవేలు మంచుముక్కలా చల్లగా ఉంది.

“పిల్ల లేదు. నాలుగు రోజులైంది. బురుజు మీంచి నదిలో పడిపోయింది, శవం కూడా దొరకలేదు. ఈ సాయంత్రం దాకా ఏవో కబుర్లు చెప్పి మా చెల్లెల్ని కూర్చోబెట్టు. పొద్దుపోయే వేళకి నాకు సాయంగా సేన వచ్చేస్తుంది.”

పట్టుబట్టలు గరగరమంటూ వెళ్ళిపోయాయి. మైలమ అక్కడే ఉండిపోయింది. ఒక ముడిలో పిల్ల అక్షరం కోసం ఎదురుచూసే తల్లి, పక్క ముడిలో ఆ పిల్ల చావు. రెండు ముళ్ళ మధ్య బెత్తెడు తాడు. ముప్పై ఏళ్ళలో ఆమె తాడు ఇంత బరువు ఎన్నడూ తూగలేదు.

పందిట్లోకి తిరిగొచ్చేసరికి అన్నాచెల్లెళ్ళు చాపల మీదే ఉన్నారు.

“నా కూతుర్ని తెచ్చి ఈ పందిట్లో నిలబెట్టు,” అంది ఇందుసేన.

“నీ కూతుర్ని తెచ్చి ఈ పందిట్లో నిలబెట్టమంటున్నావు,” అని అప్పజెప్పాడు రణకేతుడు విసుగ్గా.

“అవును, నేనన్నది అదే.”

“రేపు పంపుతాను. ఇవాళ దానికి ఒంట్లో బాగాలేదు. పడుకుంది.”

ఆ మాటంటూ అతను కళ్ళు దించుకున్నాడు. మైలమకు ఒళ్ళు మండిపోయింది. ఆ మొహాన ఉమ్మేయాలనిపించింది. ఇలా అనిపించిన తగవరి లేచి ఇంటికి పోవాలని, అలాంటి మనిషి ఎవరికీ మధ్యన కూర్చోవడానికి పనికిరాదని మేనత్త చెప్పేది. కానీ లేచిపోతే నిప్పుకుండలు ఎగురుతాయి. కూర్చుంటే, కూతురు చచ్చిపోయిందని తెలిసీ తల్లిని అబద్ధాల నడుమ ఉంచిన పాపం చుట్టుకుంటుంది. పొద్దు చూస్తే పడమటి కొండకు రెండు బారల ఎత్తున ఉంది.

ఆమె నడుము తాడు విప్పి రాజు ముందు పెట్టింది.

“ప్రభూ, ఈ రెండో ముడి విప్పండి. దండం పెడతా. మీ ముడి మీరు విప్పితే తప్ప నాకు నోరు లేదు.”

“నా ముడా?” రణకేతుడు తెల్లబోయాడు. “నేనసలు తెర వెనక్కి రానే లేదు కదా! నా వంతు సాయంత్రమని నువ్వేగా కబురు పంపావు!”

“నేనా? ఎవరితో?”

రాజు మెల్లగా తల తిప్పి వెనక్కి చూశాడు. మైలమ ఊరుకోలేదు. అతని చెయ్యి పట్టుకుని బొటనవేలు ముడి మీద అదిమింది. ముడి కదల్లేదు. రెండు చేతులా లాగాడు, పళ్ళతో పట్టి పీకాడు. రాతిలో చెక్కిన ముడిలా ఉండిపోయింది. అప్పుడు మైలమ దాన్ని వెలుగులో పెట్టి చూసింది. జనపనార పోగుల సందుల్లో సన్నని బూడిద.

రాజు వెనక, మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్నాడు ఆస్థాన మాంత్రికుడు ధూమకంఠుడు. ఎనభై ఏళ్ళ మనిషి. ఒళ్ళంతా విబూది, మోకాళ్ళ దాకా జడలు, చేతిలో గవ్వలు గుచ్చిన దండం, కుడికాలికి ఇనపకడియం. అతను అక్కడ ఉన్నాడని గాని, నడుమ కాసేపు లేడని గాని అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు.

“అన్నయ్యా,” అంది ఇందుసేన. “నిజం చెప్పు. నా పిల్లేది?”

రణకేతుడు కూలబడ్డాడు. “తెలీదు చెల్లీ. నాలుగు రోజులుగా కనిపించడం లేదు. తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది, పిల్ల లేదు. కొండంతా వెతికిస్తున్నాను. నీకెలా చెప్పను?”

రాణి చెయ్యి గాలిలోకి లేచింది. ఆ చెయ్యి దిగితే ఒడ్డున భేరి మోగుతుంది. మైలమ ఎగిరి ఆ మణికట్టు పట్టుకుంది.

“పొద్దు గుంకలేదు మహారాణీ! పొద్దు గుంకేదాకా అన్నారు. మాటంటే మాట!”

అప్పుడు నవ్వాడు ధూమకంఠుడు. ఎండిన బీరకాయలో గింజలు ఆడినట్టుంది ఆ నవ్వు. దండం ఎత్తి బండ మీద ఒక్క పోటు పొడిచాడు. అంతే! ఉత్తరపు వంతెన తాళ్ళు పాములై మెలికలు తిరిగి ఒకదాన్నొకటి కాటేసుకుంటూ నదిలో పడ్డాయి. దక్షిణపు వంతెన భగ్గుమని మండింది. దాని మీద పరుగున వస్తున్న పదిమంది భటులు కేకలు పెడుతూ సుడిలో కలిసిపోయారు. ఒక్క తల కూడా పైకి తేలలేదు. రణకేతుడు కత్తి దూశాడు. దూసిన కత్తి మైనంలా కరిగి అతని మోచేతి దాకా కారింది. మాంసం కాలిన కంపు. రాజు నేలమీద పడి దొర్లాడు. కరాళ నది పొంగి బండ అంచుల మీదకు నాలుకలు చాపింది.

పారిపోదామన్నా మైలమకు దారి లేదు. ఉన్నా ఆమె పారిపోయేది కాదేమో, అది వేరే సంగతి. ఆమె చేసింది ఒక్కటే. పక్కన చుట్టగా ఉన్న మూడో చాప తీసి, దులిపి, రెండు చాపలకూ పక్కగా పరిచింది.

“అయ్యా,” అంది, “ఈ బండ మీద తగవు ఇద్దరిదే అనుకుని రెండే చాపలు వేశాను. అది నా తప్పు. మీరూ కూర్చోండి.”

ధూమకంఠుడి దండం గాలిలో ఆగిపోయింది. చాపను చూశాడు, ఆమెను చూశాడు. అరవై ఏళ్ళ కొలువులో అతన్ని కూర్చోమన్న మొదటి మనిషి ఆమే. మోకాళ్ళు పటపటమంటుండగా దండం ఊతంగా మెల్లగా కూర్చున్నాడు. పొంగిన నీళ్ళు బండ అంచున నిలిచిపోయాయి.

“ముందు తెర వెనక,” అన్నాడు కూర్చున్న మరుక్షణమే. మళ్ళీ లేవడానికి మైలమే చెయ్యి అందించాల్సి వచ్చింది.

తెర వెనక ఆమె వీపు తిప్పి కూర్చుని మూడో ముడి వేసింది. ఈసారి అతను తన గొంతుతోనే మాట్లాడాడు.

“పిల్ల బతికే ఉంది తల్లీ. మీరు కూర్చున్న ఈ బండ కిందే, గుహలో. గుహ నోటికి ఒక రాతిపలక కట్టాను. పొద్దు ఎంత దిగితే అదీ అంత దిగుతుంది. గుంకగానే నేలకు ఆనుతుంది. తర్వాత నేను కూడా తెరవలేను.”

మైలమ వేళ్ళు తాడును బిగించాయి. “ఆపాలంటే ఏం కావాలి మీకు?”

“ఏమీ అక్కర్లేదు. ఒక్క మాట. ఆ రోజు ఎవరిదో చెప్పమను.”

“ఏ రోజు?”

“నేను చెప్తాను, అక్కడ చాప మీద చెప్తాను. విన్నాక వాళ్ళిద్దరిలో ఒక్కరైనా ‘నాదే’ అనాలి. పిల్ల సంగతి మాత్రం వాళ్ళకి తెలియకూడదు. తెలిసి అంటే అది పిల్ల కోసం అన్నట్టవుతుంది. నాకది వద్దు. నా కోసం అనాలి.”

బయటికి రాగానే ఇందుసేన ఆమె భుజాలు పట్టి కుదిపేసింది. “వీడికి తెలుసు! నా కూతురు ఉందా? చెప్పవే! ఉందా, పోయిందా?”

ఉంది తల్లీ, నీ కాళ్ళ కిందే ఉంది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. గొంతు పోతే పోయింది, అనేద్దామనుకుంది కూడా. కానీ అంటే పలక ఆగదు. ఆపేది ఆ ముసలివాడొక్కడే. మైలమ నాలుక కరుచుకుంది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

“కూర్చోండి మహారాణీ. ఈయన మాట వినండి. నేను చెప్పగలిగింది ఇంతే.”

ఆమె మొహంలో ఏం కనిపించిందో గాని, రాణి కూర్చుంది. కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రాజు కూడా కూర్చున్నాడు. పొద్దు కొండకు బారెడు ఎత్తున ఎర్రబడుతోంది.

ధూమకంఠుడు మొదలుపెట్టాడు.

“మీ నాయనగారికి నేను కోట కట్టించాను. ఆయన పోయాక మీరు పంపకాలు చేసుకున్నారు. పట్టీలో నా పేరు ఏనుగుల తర్వాత, గంగాళాల ముందు ఉంది. ఉత్తరాయణం ఆరు నెలలు అన్నగారికి, దక్షిణాయనం ఆరు నెలలు చెల్లెలిగారికి. ఈ కడియం చూశారుగా. ఏలినవారి నోట సెలవన్న మాట వినపడితే తప్ప నా కాలు పొలిమేర దాటదు. నిరుడు సరిగ్గా ఇదే రోజు, ఆయనం మారే రోజు, మా ఊరి నుంచి కబురొచ్చింది. నా పెళ్ళాం ఆఖరి ఘడియల్లో ఉంది, చూడాలంటోందని. ప్రభువు దగ్గరికి పోయాను. ఇవాళ్టి నుంచి నువ్వు మా చెల్లెలి మనిషివి, దాన్నే అడుగు అన్నారు. రాణిగారి దగ్గరికి పోయాను. పొద్దు గుంకేదాకా నువ్వు మా అన్న మనిషివే, వాణ్ణే అడుగు అన్నారు. ఆ రోజు ఈ వంతెనల మీద అయిదుసార్లు అటూ ఇటూ తిరిగాను. పొద్దు గుంకింది. ఆమె పోయింది.”

మైలమ రాజు వైపు తిరిగింది.

“తిరిగి చెప్పండి ప్రభూ,” అంది మైలమ.

“సేవకుడు సెలవడిగాడు, కుదరలేదు. అంతేగా!”

“కాదు,” అన్నాడు ధూమకంఠుడు. “నేనన్నది అది కాదు.”

“మళ్ళీ చెప్పండి.”

“పెళ్ళాం జబ్బుగా ఉంటే సెలవడిగాడు. ఆ రోజు దక్షిణాయనం. అంటే మా చెల్లెలి వంతు.”

“ఆయనం పొద్దు గుంకాక మారుతుంది!” అని గయ్యిమంది ఇందుసేన. “పొద్దున్న అడిగితే అది నీ వంతే!”

“పంచాంగం చూసుకో!”

“నువ్వు చూసుకో! ఏది అడిగినా నా మీదకు తోసెయ్యడం నీకు చిన్నప్పట్నుంచీ అలవాటే!”

నిరుటి గొడవ నిరుడు ఆగిన చోటే మళ్ళీ అంటుకుంది. ధూమకంఠుడు కళ్ళు మూసుకున్నాడు. ఈ మాటలు వింటూనే పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు. పొద్దు కొండను తాకింది. కాళ్ళ కింద రాతిలో ఎక్కడో లోతున, గరగరమని సన్నని చప్పుడు. అది మైలమకు ఒక్కదానికే అర్థమైంది.

“ఆపండి!” ఆ అరుపుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తగవరి అరవకూడదు. అరిచింది. “ఆయనం సంగతి మిమ్మల్నెవరూ అడగలేదు. ఆయన చెప్పిన మాట చెప్పమన్నాను. ఇప్పటిదాకా ఇద్దరిలో ఒక్కరూ వినలేదు. మహారాణీ, మీరు చెప్పండి. ఆయన చోట కూర్చుని, ‘నేను’ అంటూ చెప్పండి.”

ఇందుసేన పళ్ళు బిగించింది. “నేను సెలవు కోసం రెండిళ్ళ మధ్యా తిరిగాను.”

“ఎన్నిసార్లు?” అడిగాడు ధూమకంఠుడు కళ్ళు తెరవకుండా.

“అయిదుసార్లు.” ఆమె గొంతు తగ్గింది. “అయిదుసార్లు తిరిగాను. అక్కడ నా భార్య... నా కోసం చూస్తోంది. ఆమె ఉందో పోయిందో నాకు తెలీదు. తెలిసినవాళ్ళు ఎవరూ చెప్పరు. సెలవివ్వగలిగిన వాళ్ళిద్దరూ నా ఎదుటే ఉన్నారు. ఇద్దరూ... వంతులు...”

ఆగిపోయింది. ఇప్పుడు ఆమె ఉన్న చోటూ అదే. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. మైలమను చూసింది, ముసలివాణ్ణి చూసింది. అందరూ అనుకున్నట్టు కూతురి గురించి అడగలేదు.

“ఆ పొద్దున్నే నేను పంచాంగం చూశాను,” అంది. “ఆయనం తెల్లవారకముందే మారిపోయింది. ఆ రోజు నాదే. సెలవు నేనే ఇవ్వాలి. మా అన్నయ్య వచ్చి నన్ను బతిమాలుకుంటే ఇద్దామని ఆపాను. నీ గురించి ఆలోచించనే లేదు ధూమకంఠా. తప్పు నాది.”

రణకేతుడు తల వంచుకున్నాడు. “నాకూ తెలుసు,” అని గొణిగాడు. “ఒక్క మాట అటు కబురు చేస్తే సరిపోయేది. చెయ్యలేదు.”

“అవును,” అన్నాడు ధూమకంఠుడు. “నేనన్నది అదే.”

అతని బొటనవేలు తాడు మీదకు వెళ్ళింది. రెండో ముడి విడిపోయింది. మూడోది విడిపోయింది. మైలమ గొంతులోంచి మాట పిడుగులా ఊడిపడింది.

“మహారాణీ, పిల్ల బతికే ఉంది! ఈ బండ కిందే! రండి!”

పొద్దు గోటి అంచంత మిగిలింది. ధూమకంఠుడు దండంతో నేలను చీల్చాడు. నాచుపట్టిన మెట్లు బయటపడ్డాయి. నలుగురూ పడుతూ లేస్తూ, మోకాళ్ళు చెక్కుకుపోతూ కిందికి ఉరికారు. అడుగున, నది తుంపరల చీకట్లో, గుమ్మమంత రాతిపలక గరగరమంటూ దిగుతోంది. నేలకూ దానికీ మధ్య రెండు జానలు. ధూమకంఠుడు మంత్రం చదివాడు. పలక ఆగలేదు. మళ్ళీ చదివాడు. ఆగలేదు.

“నేను పెట్టిందే, నా మాట వినడం లేదు,” అన్నాడు. “పొద్దు మాటే వింటోంది.”

ఆ మాటంటూనే దండం పారేసి, ఆ ఎనభై ఏళ్ళ మనిషి పలక కిందకు దూరి తన వీపు అడ్డం పెట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. పలక ఆగింది. నోట్లోంచి నెత్తురు కారుతుంటే, “ఊఁ, వెళ్ళు,” అన్నాడు మైలమతో.

రణకేతుడు కాలిన చేతి సంగతి మరిచి పలక కింద భుజం పెట్టాడు. పక్కనే ఇందుసేన దూరింది. పుట్టాక ఆ అన్నాచెల్లెళ్ళు ఒక బరువును ఒకే వైపు నుంచి ఎత్తడం అదే మొదటిసారి. మైలమ బోర్లా పడుకుని జానెడు సందులోంచి లోపలికి పాకింది.

లోపల కాటుక చీకటి. “అమ్మా మందారికా!” అని పిలిచింది. జవాబు లేదు. చేతులతో తడిమింది. గోడ చల్లగా తగిలింది, తర్వాత గోడ లేదు. గుహ అక్కడ రెండుగా చీలుతోంది. ఎడమ పక్క నీళ్ళు కారుతున్న చప్పుడు. కుడి పక్క, చాలా లోతున, ఒక్కసారి అందె మోగినట్టయింది. తర్వాత అదీ ఆగిపోయింది.

వెనక, పలక కింద, రొప్పుతూ ఇందుసేన గొంతు వినపడింది.

“ధూమకంఠా, నీ భార్య పేరేమిటి?”

అరవై ఏళ్ళుగా ఆ మాట ఎవరూ అడగలేదు. పలక ఇంకో వేలెడు దిగింది.

“ఎల్లసాని,” అన్నాడు ముసలివాడు. “ఎల్లసాని, అమ్మా.”

మైలమ, తల్లి ముడి ఇంకా ఉన్న తాడును పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, అందె మోగిన కుడి పక్కకు పాకడం మొదలుపెట్టింది.